అబద్ధానికి అసలు డబ్బు, నిజానికి దొంగ నోట్లు: జర్మన్ గూఢచర్యం ఎక్కడ దెబ్బతింది?

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్ సైనిక నిఘా సంస్థ అబ్వేర్ కాగితాలు కొన్ని బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాయి. ఆ సంస్థ అధికారులు కూడా విచారణకు దొరికారు. వాళ్ల మాటల్నీ, కాగితాల్నీ తమ లెక్కలతో సరిచూసుకున్న బ్రిటిష్ అధికారులకే ఒక సంగతి నమ్మబుద్ధి కాలేదు. 1940 సెప్టెంబర్ తర్వాత జర్మనీ బ్రిటన్‌లోకి పంపిన ఏజెంట్లలో దాదాపు ప్రతి ఒక్కరూ పట్టుబడ్డారు, లేదంటే తమంతట తామే లొంగిపోయారు. వాళ్లలో పనికొచ్చేవాళ్లు ఎదుటి పక్షం చెప్పినట్టు బెర్లిన్‌కు కబుర్లు పంపుతూ కూర్చున్నారు. ఎవరికీ చిక్కకుండా తిరిగాడని ఖాయంగా చెప్పగలిగింది ఒక్కడి గురించే. డబ్బుల్లేక, దిక్కుతోచక అతను కూడా కేంబ్రిడ్జ్‌లో తనను తానే కాల్చుకున్నాడు.

దీనికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. బ్రిటిష్ వాళ్లు జిత్తులమారులన్నది ఒకటి, జర్మన్లకు గూఢచర్యం చేతకాదన్నది రెండోది. మొదటిదానిలో కొంత నిజం ఉంది. రెండోది మాత్రం నిలబడదు. హాలండ్‌లో ఇదే అబ్వేర్ బ్రిటిష్ వాళ్లను దాదాపు రెండేళ్లపాటు ఇలాగే బోల్తా కొట్టించింది. కాబట్టి ఇది జాతి లక్షణం కాదు. గూఢచారి ధైర్యం, తెలివి, ఇంగ్లీషు ఉచ్చారణ ఇవన్నీ రెండో వరుస విషయాలు. అసలు తేడా అతన్ని పంపిన ఆఫీసులో ఉంటుంది. వచ్చిన కబురును అక్కడ ఎవరు చదువుతారు? నమ్మితే ఎవరికి లాభం, అనుమానిస్తే ఎవరికి నష్టం? ఈ ప్రశ్నలు పట్టుకుని చూస్తే రెండు యుద్ధాల జర్మన్ గూఢచర్యం చాలావరకు అర్థమవుతుంది.

మొదటి యుద్ధం నుంచే ఈ జబ్బు ఛాయలు కనిపిస్తాయి. 1914కు ముందు బ్రిటన్‌లో జర్మన్ నావికాదళానికి వేగులు ఉండేవాళ్లు. వాళ్లకు వచ్చే ఉత్తరాలు లండన్‌లోని కలెడోనియన్ రోడ్డులో కార్ల్ ఎర్నెస్ట్ అనే మంగలి షాపు మీదుగా పోయేవి. బ్రిటిష్ వాళ్లు ఆ సంగతి ముందే పసిగట్టారు. షాపు మూయించకుండా ఉత్తరాలు విప్పి చదువుకుని, మళ్లీ అంటించి పంపేవాళ్లు. యుద్ధం మొదలవగానే ఆ గుంపును పట్టుకోవడం పెద్ద కష్టం కాలేదు.

దాంతో బెర్లిన్ హడావుడిగా కొత్తవాళ్లను పంపింది. నావికాదళ రిజర్వు అధికారి కార్ల్ హాన్స్ లోడీ అమెరికన్ టూరిస్టు వేషంలో ఎడిన్‌బరా చేరాడు. స్టాక్‌హోమ్ చిరునామాకు టెలిగ్రాములు, ఉత్తరాలు పంపేవాడు. సెన్సార్ వాటిని పట్టుకుంది. అయితే ఒక ఉత్తరాన్ని మాత్రం బ్రిటిష్ వాళ్లు కావాలనే వదిలేశారు. రష్యన్ సైన్యం స్కాట్లాండ్‌లో దిగి రైళ్లలో ఫ్రాన్స్ వైపు వెళ్తోందని అప్పట్లో ఊరంతా పుకారు. లోడీ దాన్ని నిజమనుకుని రాశాడు. శత్రువును తికమక పెట్టే అబద్ధాన్ని శత్రువు మనిషే మోసుకెళ్తుంటే ఎవరు ఆపుతారు! లోడీని ఐర్లండ్‌లో పట్టుకుని, బహిరంగ విచారణ జరిపి, 1914 నవంబర్ 6న లండన్ టవర్‌లో కాల్చేశారు. ఆ యుద్ధంలో టవర్‌లో కాల్చిన పదకొండు మంది గూఢచారుల్లో అతనే మొదటివాడు.

ఇద్దరు డచ్చివాళ్ల కథ ఇంకా విడ్డూరం. హైకె యాన్సెన్, విల్లెమ్ రూస్ అనే ఈ ఇద్దరూ 1915లో చుట్టల వ్యాపారులమని బ్రిటన్ వచ్చి, పోర్ట్స్‌మత్ లాంటి నౌకాశ్రయాల నుంచి హేగ్ నగరంలోని ఒక కంపెనీకి టెలిగ్రాముల్లో ఆర్డర్లు పంపేవాళ్లు. ఫలానా రకం చుట్టలు ఇన్ని వేలు అని. ఒక్కో రకం చుట్ట ఒక్కో రకం యుద్ధనౌకకు గుర్తు. సెన్సార్‌లో కూర్చున్న గుమస్తాకు అనుమానం వచ్చింది. నావికులు ఎక్కువగా కాల్చేది పైపులో పొగాకో, సిగరెట్టో. ఒక్క రేవులో ఇన్ని వేల ఖరీదైన చుట్టలు ఎవరు కొంటున్నారు? ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరి గుట్టూ రట్టయింది. ఆ ఏడాది జూలై 30న ఇద్దర్నీ కాల్చేశారు. ఈ కోడ్ తయారుచేసినవాడు నౌకల గురించి బాగానే ఆలోచించాడు. రేవులో మనుషులు ఏం తాగుతారు, ఏం కాలుస్తారు అని మాత్రం వాకబు చేయలేదు. ఆఫీసులో కూర్చుని వేసిన పథకానికి, వీధిలో బతుకుకు మధ్య ఉండే ఈ దూరం పాతికేళ్ల తర్వాత ఇంకా పెరిగింది.

అదే ఏడాది జూన్‌లో కాల్చేసిన కార్ల్ ముల్లర్ నిమ్మరసంతో కనిపించని అక్షరాలు రాసేవాడు. అతను చనిపోయాక కూడా అతని పేరుతో బ్రిటిష్ వాళ్లు ఉత్తరాలు పంపుతూనే ఉన్నారు. జర్మన్లు డబ్బు పంపుతూనే ఉన్నారు. ఆ డబ్బుతో బ్రిటిష్ నిఘా విభాగం ఒక కారు కొని దానికి ముల్లర్ పేరే పెట్టుకుందని చెబుతారు. తర్వాతి యుద్ధంలో పెద్దయెత్తున నడిచిన నాటకానికి ఇది రిహార్సల్ అనుకోవచ్చు.

అమెరికాలో పరిస్థితి వేరు. 1917 దాకా అది తటస్థ దేశం. అందుకని గూఢచర్యం, విధ్వంసం నడిపింది దౌత్య కార్యాలయాల పెద్దమనుషులే. వాళ్ల ఖజానా చూసే హైన్రిష్ ఆల్బర్ట్ 1915 జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం న్యూయార్క్ సిటీ రైల్లో కునుకు తీశాడు. తన స్టేషన్ వచ్చేసరికి ఉలిక్కిపడి లేచి, బ్యాగు సీట్లోనే వదిలి దిగిపోయాడు. వెనకే ఉన్న అమెరికన్ సీక్రెట్ సర్వీస్ మనిషి దాన్ని అందుకుని ఉడాయించాడు. పత్రికలను కొనడానికీ, ఆయుధాల సరఫరాకు అడ్డుపడడానికీ ఎంతెంత ఖర్చు పెట్టిందీ ఆ బ్యాగులో ఉంది. అవి ఆగస్టులో పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ లోపు ఆల్బర్ట్ చేసిందేమిటంటే, బ్యాగు తెచ్చిచ్చినవారికి 20 డాలర్ల బహుమతి అని పేపర్లో ప్రకటన వేయించడం. మిలిటరీ అటాషే, అంటే రాయబార కార్యాలయంలో సైనిక ప్రతినిధి, ఫ్రాంజ్ ఫాన్ పాపెన్ అంతకన్నా ఘనుడు. అతన్ని అమెరికా వెళ్లగొట్టినప్పుడు, ఏజెంట్లకు రాసిచ్చిన చెక్కుల కౌంటర్‌ఫాయిళ్లు పెట్టెలో భద్రంగా పెట్టుకుని ఓడెక్కాడు. 1916 జనవరిలో బ్రిటిష్ రేవు ఫాల్మత్‌లో పెట్టెలు వెతికి అవన్నీ తీసుకున్నారు. ఈ పాపెనే 1932లో జర్మనీ ఛాన్సలర్ అయ్యాడు. రెండో యుద్ధంలో మళ్లీ తగులుతాడు.

జర్మన్ డబ్బుతో మన దేశంలో తిరుగుబాటు తేవాలన్న ప్రయత్నం కూడా ఆ రోజులదే. కాలిఫోర్నియా నుంచి గదర్ పార్టీకోసం ఆయుధాలతో బయల్దేరిన యానీ లార్సెన్ అనే ఓడ, నడిసముద్రంలో సరుకు అందుకోవాల్సిన మావెరిక్ ఓడను కలుసుకోలేకపోయింది. తిరిగి అమెరికా తీరం చేరేసరికి సరుకంతా జప్తయింది. 1917లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన విచారణలో జర్మన్ దౌత్యవేత్తలూ, గదర్ మనుషులూ ఒకే బోనులో నిలబడ్డారు. కనిగిరి ప్రాంతం నుంచి చదువుకోసం అమెరికా వెళ్లి గదర్‌లో చేరిన దరిశి చెంచయ్య గురించి తెలిసిన తెలుగువాళ్లకు ఈ నేపథ్యం కొత్త కాదు. గదర్ వాళ్లకు ఇది స్వాతంత్ర్య పోరాటం, బెర్లిన్‌కు ఇది ఇంగ్లండ్ సైన్యాన్ని చెదరగొట్టే ఎత్తు. ఆ తేడా వల్లే ఏర్పాట్లు సగం మనసుతో సాగాయి.

వెర్సాయి ఒప్పందం తర్వాత జర్మన్ సైన్యం లక్ష మందికి కుదించుకుపోయింది. 1920ల మొదట్లో అబ్వేర్ చిన్న ఆఫీసుగా మొదలై, 1935 జనవరిలో విల్‌హెల్మ్ కనారిస్ పగ్గాలు చేపట్టాక విపరీతంగా పెరిగింది. బ్రిటన్, అమెరికాల పని ఎక్కువగా హాంబర్గ్ శాఖ చూసేది. ఆ శాఖలో వైమానిక సమాచారం చూసిన నికోలాస్ రిట్టర్ అమెరికాలో చాలా ఏళ్లు బతికి వచ్చినవాడు. జర్మన్ గూఢచర్యానికి దొరికిన అతి పెద్ద విజయాల్లో ఒకటి అతని ఖాతాలోదే. న్యూయార్క్‌లో నార్డెన్ బాంబ్‌సైట్ తయారయ్యే ఫ్యాక్టరీలో హెర్మన్ లాంగ్ అనే జర్మన్ వలసదారు పనిచేసేవాడు. విమానం నుంచి బాంబు గురి తప్పకుండా వేసే ఆ పరికరాన్ని అమెరికన్లు కంటికి రెప్పలా కాపాడుకునేవాళ్లు. లాంగ్ సాయంత్రం డ్రాయింగులు ఇంటికి తెచ్చుకుని, వంటింట్లో నకళ్లు గీసుకుని, పొద్దున్నే తిరిగి పెట్టేసేవాడు. 1937లో అవి ఓడల్లో జర్మనీ చేరాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. లాంగ్‌కు దొంగ పాస్‌పోర్టు అక్కర్లేదు, ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు, వేషం అంతకన్నా అక్కర్లేదు. అతను నిజంగానే ఆ ఫ్యాక్టరీ ఉద్యోగి.

ఇలాంటి మనిషి దొరకడం అదృష్టం. ఆ అదృష్టాన్ని పద్ధతిగా మార్చుకోవాలనుకోవడంలోనే హాంబర్గ్ పప్పులో కాలేసింది. అమెరికా పౌరసత్వం తీసుకున్న విలియం సీబోల్డ్ 1939లో తల్లిని చూడ్డానికి జర్మనీ వెళ్తే, బెదిరించి గూఢచారిగా పనిచేయమన్నారు. అతను సరేనని, గుట్టుచప్పుడు కాకుండా కొలోన్‌లోని అమెరికన్ కాన్సులేట్‌కు ఉప్పందించాడు. న్యూయార్క్ తిరిగొచ్చాక ఎఫ్‌బీఐ అతనికి 42వ వీధిలో ఒక ఆఫీసు తెరిచి ఇచ్చింది. గోడకున్న అద్దం వెనక సినిమా కెమెరా. వచ్చినవాడు కూర్చునే కుర్చీ కెమెరాకు ఎదురుగా. ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చాడో కోర్టులో ఎవరూ కాదనకుండా గోడ మీద గడియారం, క్యాలెండరు కూడా ఫ్రేములో పడేలా అమర్చారు. లాంగ్ ఐలాండ్‌లో పెట్టిన రేడియో నుంచి సీబోల్డ్ పేరుతో హాంబర్గ్‌కు కబుర్లు పంపింది ఎఫ్‌బీఐ మనుషులే. పదహారు నెలలు ఇలా నడిచింది. 1941లో 33 మందిని పట్టుకున్నారు, అందరికీ శిక్షలు పడ్డాయి. వాళ్లలో లాంగ్ ఒకడు. హాంబర్గ్ తనకున్న మంచి మనుషులందర్నీ ఒకే కొత్త మనిషికి పరిచయం చేయకపోయి ఉంటే ఇంతమంది ఒక్కసారిగా చిక్కేవాళ్లు కాదు. గూఢచర్యంలో ఇది ఓనమాల పాఠం. మరి ఎందుకు చేశారు? సీబోల్డ్ రేడియో బాగా పనిచేస్తోంది, కబుర్లు త్వరగా వస్తున్నాయి. ఆఫీసుకు సౌకర్యంగా ఉంది.

1940 వేసవికి ఫ్రాన్స్ ఓడిపోయింది. బ్రిటన్ మీద దండయాత్రకు హిట్లర్ సిద్ధమవమన్నాడు. బ్రిటన్‌లో సరైన ఏజెంట్లు లేరని అప్పుడు గుర్తొచ్చింది. నెలల వ్యవధిలో దొరికినవాళ్లకు దొరికినంత శిక్షణ ఇచ్చి పడవల్లో, పారాచూట్లలో దింపారు. సెప్టెంబర్ మొదట్లో కెంట్ తీరంలో నలుగురు దిగారు. వాళ్లలో వాల్ట్‌బెర్గ్‌కు ఇంగ్లీషే రాదు. ఇంగ్లీషు వచ్చిన మైయర్ పొద్దున్నే లిడ్ అనే ఊళ్లో ఒక మద్యం షాపుకు వెళ్లి సైడర్ ఇమ్మన్నాడు. ఆ వేళప్పుడు మద్యం అమ్మకూడదన్న రూలు ఇంగ్లండ్‌లో పెరిగిన ప్రతివాడికీ తెలుసు. యజమానురాలు తర్వాత రమ్మని పంపేసి కబురు చేసింది. మైయర్, వాల్ట్‌బెర్గ్, కీబూమ్‌లను డిసెంబర్‌లో ఉరితీశారు, నాలుగోవాడు పోన్స్ నిర్దోషిగా బయటపడ్డాడు.

నెలాఖరులో స్కాట్లాండ్‌లో సముద్ర విమానం నుంచి దిగిన ముగ్గురిలో ఇద్దరు పోర్ట్‌గార్డన్ రైల్వే స్టేషన్‌కు వచ్చి, ఇది ఏ స్టేషనని అడిగారు. శత్రువు వస్తే దారి తెలియకూడదని అప్పటికే బోర్డులన్నీ పీకేశారు. అడిగినవాళ్ల బట్టలేమో మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. పెట్టెలో జర్మన్ సాసేజ్, పిస్టల్ దొరికాయి. వీళ్లను తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు వాళ్ల మీద కాదు. వాళ్లు చాలామంది బలవంతం మీదనో, వేరే గతి లేకనో వచ్చినవాళ్లు. దండయాత్ర ఎలాగూ కొద్ది వారాల్లో జరుగుతుంది, అప్పటిదాకా నెట్టుకొస్తే చాలని పంపినవాళ్ల లెక్క. దండయాత్ర జరగలేదు.

ఇక దొంగ కాగితాల సంగతి. హాంబర్గ్ ఎంతో నమ్ముకున్న ఏజెంటు ఆర్థర్ ఓవెన్స్ అనే వేల్స్ మనిషి. బ్యాటరీల వ్యాపారం చేసేవాడు, డబ్బు మనిషి. యుద్ధం మొదలైన రోజుల్లోనే బ్రిటిష్ వాళ్లకు చిక్కాడు. జైలు గదిలోంచే హాంబర్గ్‌కు మొదటి రేడియో కబురు పంపాడు. కొత్తగా పంపబోయే ఏజెంట్లకు గుర్తింపు కార్డులు తయారుచేయాలి, నమూనా పేర్లూ నంబర్లూ చెప్పమని హాంబర్గ్ ఇతన్నే అడిగింది. అంటే, దొంగ కార్డుల మీద ఏముండాలో గూఢచారులను పట్టే బ్రిటిష్ సంస్థ ఎంఐ5 నిర్ణయించింది. చూడగానే తెలిసిపోయే తప్పులతో ఆ వివరాలు వెళ్లాయి. పారాచూట్‌తో దిగేవాడి జేబులో అతన్ని పట్టించే కాగితం అతని ఆఫీసే పెట్టి పంపిందన్నమాట.

కేంబ్రిడ్జ్‌లో చనిపోయిన డచ్ ఏజెంట్ టెర్ బ్రాక్ ఈ గుంపులోనివాడే. సుమారు ఐదు నెలలు అద్దె గదిలో గడిపాడు. రేషన్ కార్డు చెల్లదు, చేతిలో డబ్బు అయిపోయింది, అటునుంచి సాయం రాలేదు. 1941 ఏప్రిల్ 1న ఒక ఎయిర్ రెయిడ్ షెల్టర్‌లో అతని శవం దొరికింది. ట్రాన్స్‌మిటర్ పెట్టె రైల్వే స్టేషన్ సామాన్ల గదిలో దొరికింది. ఎంఐ5 చేతుల్లో ఉన్న ఓవెన్స్‌కు, ఆ తర్వాత పారాచూట్ ఏజెంటు వుల్ఫ్ ష్మిట్‌కు జర్మనీ వేల పౌండ్లు చేరవేసింది. నిజాయితీగా పనిచేసిన ఒక్కడికి అన్నం డబ్బులు కూడా అందలేదు. రిపోర్టులు దండిగా పంపేవాడు మంచి ఏజెంటు, సమస్యలు చెప్పేవాడు దండగ మనిషి. ఏ ఆఫీసులోనైనా చూసే తీరే ఇది.

ఈ నమ్మకం వెనక స్వార్థం ఉంది. ఒక అబ్వేర్ అధికారికి పేరు, ప్రమోషన్, మాడ్రిడ్, లిస్బన్, హాంబర్గ్ లాంటి చోట్ల సుఖంగా ఉండే అవకాశం, ఇవన్నీ అతని ఏజెంటు మీద ఆధారపడి ఉండేవి. ఏజెంటు దొంగ అని తేలితే మరుసటి బదిలీ రష్యా యుద్ధరంగానికి కావచ్చు. తన మనిషిని అనుమానించాల్సిన మొదటి వ్యక్తి, అనుమానిస్తే అందరికన్నా ఎక్కువ నష్టపోయే వ్యక్తి ఒక్కరే. కంచే చేను మేయకుండా చూసే ఇంకో కాపలాదారు ఆ సంస్థలో గట్టిగా లేడు.

మాడ్రిడ్‌లోని కార్ల్ ఎరిక్ క్యూలెన్‌థాల్ దీనికి నిండు ఉదాహరణ. అతని వంశంలో యూదు మూలాలు ఉన్నాయి. కనారిస్ అండ ఉండబట్టి ఉద్యోగం నిలబడింది. తన విలువను రుజువు చేసుకుంటూ ఉండక తప్పదు. అతనికి దొరికిన ఏజెంటు వాన్ పుజోల్ అనే స్పెయిన్‌వాడు, కోళ్ల ఫారం నడిపి నష్టపోయిన మనిషి. బ్రిటిష్ వాళ్లు మొదట పుజోల్‌ను పట్టించుకోలేదు. దాంతో అతనే జర్మన్ల దగ్గర చేరి, ఇంగ్లండ్ వెళ్లానని చెప్పి, లిస్బన్‌లో కూర్చుని టూరిస్టు గైడు, లైబ్రరీ పుస్తకాలు, సినిమా వార్తాచిత్రాలు చూసి రిపోర్టులు అల్లాడు. గ్లాస్గోలో లీటరు వైన్ పోయిస్తే ఏమైనా చెప్పే మనుషులున్నారని రాశాడు. గ్లాస్గోలో శ్రామికుడు వైన్ తాగడం, అదీ లీటర్లలో! ఇంగ్లండ్‌లో పెన్నీలు, షిల్లింగుల లెక్క కూడా పుజోల్‌కు రాదు. ఖర్చుల పట్టీ మొత్తాలు వేయకుండానే పంపేవాడు. మాడ్రిడ్‌లో ఎవరికీ సందేహం రాలేదు.

1942 ఏప్రిల్‌లో బ్రిటిష్ వాళ్లే అతన్ని లండన్‌కు తెచ్చుకున్నారు. వాళ్లు పెట్టిన పేరు గార్బో. టోమస్ హారిస్ అనే అధికారితో కలిసి పుజోల్ 27 మంది లేని మనుషుల్ని సృష్టించాడు. ఒక్కొక్కరికీ ఊరు, ఉద్యోగం, బలహీనత ఉన్నాయి. ఉత్తర ఆఫ్రికా దాడికి ముందు లివర్‌పూల్ రేవులో ఓడలు గుమిగూడితే, అక్కడి ‘ఏజెంటు’ కబురు చెప్పకుండా ఎలా ఉంటాడు? అందుకని అతనికి జబ్బు చేసింది, చనిపోయాడు, స్థానిక పేపర్లో చావు ప్రకటన వచ్చింది. లేని మనిషి విధవరాలికి జర్మన్లు పెన్షన్ కూడా ఇచ్చారు. గార్బో బృందం మీద జర్మనీ పెట్టిన ఖర్చు యుద్ధం ముగిసేసరికి సుమారు 3,40,000 డాలర్లు. అన్నీ అసలు నోట్లే.

1944 జూన్‌లో మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్స్ తీరంలో దిగిన నార్మండీ దాడి రాత్రి ఇంకో విచిత్రం జరిగింది. నమ్మకం పెంచడానికి, దాడి మొదలవబోతోందని దాదాపు చివరి నిమిషంలో నిజమే చెప్పేందుకు గార్బోకు అనుమతి వచ్చింది. తెల్లవారుజామున 3 గంటలకు పిలిస్తే మాడ్రిడ్ రేడియో ఆపరేటర్ పలకలేదు. పొద్దెక్కేదాకా అతను లైన్లోకి రాలేదు. గార్బో మండిపడుతూ ఒక కబురు పంపాడు. మాడ్రిడ్ వాళ్లే అతన్ని బతిమాలుకున్నారు. జూన్ 9న అతను పంపిన పొడవాటి కబురు హిట్లర్ కార్యాలయం దాకా వెళ్లింది. నార్మండీ ఎత్తుగడ మాత్రమే, అసలు దాడి ఫ్రాన్స్ తీరంలోనే ఇంకో చోటైన పా ద కాలె మీద వస్తుందన్నది దాని సారం. ఆ ఒక్క కబురు వల్లే యుద్ధం మలుపు తిరిగిందనడం అతిశయోక్తి. లేని సైన్యాన్ని ఉన్నట్టు చూపడానికి ఉత్తుత్తి ట్యాంకులు, దొంగ రేడియో సంభాషణలు, ఇతర డబుల్ ఏజెంట్లు అంతా కలిసి పనిచేశారు. కాలె దగ్గరున్న జర్మన్ 15వ సైన్యంలో ఎక్కువ భాగం వారాల తరబడి అక్కడే ఉండిపోయింది. జూలైలో గార్బోకు జర్మన్ సైనిక పతకం ఐరన్ క్రాస్ ఖాయం చేశారు.

బ్రిటిష్ వాళ్ల అసలు బలం ఇక్కడ చెప్పుకోవాలి. బ్రిటిష్ వాళ్లు శత్రువు కోడ్‌లను విప్పే కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో ఆలివర్ స్ట్రేచీ విభాగం 1940లోనే, యంత్రం లేకుండా చేత్తో కట్టే అబ్వేర్ కోడ్‌లను ఛేదించింది. 1941 డిసెంబర్‌లో డిల్లీ నాక్స్, కబుర్లను కోడ్‌లోకి మార్చే అబ్వేర్ ఎనిగ్మా యంత్రం లోగుట్టు విప్పాడు. అంటే తాము చెప్పిన అబద్ధం మాడ్రిడ్ నుంచి బెర్లిన్‌కు ఎలా వెళ్లిందో, అక్కడ ఎవరు నమ్మారో, ఎవరు గొణిగారో లండన్‌లో చదువుకునేవాళ్లు. అబద్ధం చెప్పి ఎదుటివాడి ముఖం చూడగలిగితే చెప్పడం తేలికే. మరో సంగతి కూడా ఉంది. లిస్బన్‌లో పాల్ ఫిడ్రముక్ అనే మనిషి, లేని మనుషుల పేరు చెప్పి సొంతంగా రిపోర్టులు అల్లి అబ్వేర్‌కు అమ్మేవాడు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అతను ఎప్పుడైనా నిజం ఊహించేస్తాడేమో అని బ్రిటిష్ వాళ్లు టెన్షన్ పడ్డారు. తమ చేతిలో ఉన్న గూఢచారి కన్నా తమ చేతిలో లేని అబద్ధాలకోరు వాళ్లకు పెద్ద తలనొప్పి.

ఇప్పుడు నిజం చెప్పినవాడి దగ్గరికి వద్దాం. 1943 అక్టోబర్ చివర్లో అంకారాలోని జర్మన్ రాయబార కార్యాలయానికి ఒక మనిషి వచ్చాడు. పేరు ఎల్యెసా బజ్నా. బ్రిటిష్ రాయబారి సర్ హ్యూ నాచ్‌బుల్ హ్యూగెసన్‌కు బట్టలు సర్దే నౌకరు. రాయబారి స్నానానికి వెళ్లినప్పుడు, నిద్రపోయినప్పుడు పెట్టె తాళం తీసి, రహస్య పత్రాలను లైకా కెమెరాతో ఫోటోలు తీశాడు. మొదటి రెండు రోల్స్‌కు 20,000 పౌండ్లు అడిగాడు. ఇచ్చారు. ఫిల్ము కడిగి చూసిన మోయ్‌జిష్‌కు కళ్లు తిరిగాయి. అతను నాజీ పార్టీ నిఘా సంస్థ ఎస్‌డీ అధికారి. మిత్రరాజ్యాల సమావేశాల కబుర్లు, టర్కీని యుద్ధంలోకి లాగే ప్రయత్నాలు, తర్వాత ఓవర్‌లార్డ్ అనే, నార్మండీ దాడికి పెట్టిన రహస్య పేరు కూడా వాటిలో కనబడింది. అప్పుడు అంకారాలో జర్మన్ రాయబారి పాత ఫాన్ పాపెనే. బజ్నాకు సిసిరో అని పేరు పెట్టింది అతనే.

బెర్లిన్‌లో ఏం జరిగింది? విదేశాంగ మంత్రి రిబెన్‌ట్రాప్‌కూ, ఎస్‌డీ పెద్ద కాల్టెన్‌బ్రూనర్‌కూ పడదు. పాపెన్ అంటే రిబెన్‌ట్రాప్‌కు అసలే గిట్టదు. ఇంత మంచి సమాచారం ఇంత తేలిగ్గా వచ్చిందంటే బ్రిటిష్ వల అయ్యుంటుందని వాదులాడుకున్నారు. పత్రాలు ఎవరి బల్ల మీద ముందు పడాలన్నది పత్రాల్లో ఏముందన్న దానికన్నా పెద్ద సమస్య అయింది. టర్కీ విషయంలో పాపెన్ వాటిని కొంత వాడుకున్నాడు. సైనికంగా పెద్దగా ఒరిగింది లేదు. బజ్నాకు ఇచ్చినదంతా కలిపితే సుమారు 3,00,000 పౌండ్లు. సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత అచ్చేయించిన దొంగ నోట్లే అందులో చాలావరకు. యుద్ధం తర్వాత వ్యాపారంలో పెట్టినప్పుడు ఆ సంగతి బయటపడింది. బజ్నా అప్పులపాలయ్యాడు. పశ్చిమ జర్మనీ ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడిగితే ఇవ్వలేదు. 1970లో మ్యూనిక్‌లో చనిపోయాడు.

ఆఫీసు జబ్బు జర్మన్లకే పరిమితం కాదని మొదట్లో అన్నది హాలండ్ గురించి. 1942 మార్చిలో, శత్రువు ఆక్రమించిన దేశాల్లో రహస్య పనులు నడిపే బ్రిటిష్ సంస్థ ఎస్‌ఓఈ పంపిన రేడియో మనిషి హూబ్ లావర్స్ హేగ్‌లో పట్టుబడ్డాడు. అబ్వేర్‌కు చెందిన హెర్మన్ గిస్కెస్ అతని చేత లండన్‌కు కబుర్లు పంపించాడు. తాను చిక్కానని చెప్పడానికి లావర్స్, పంపాల్సిన రహస్య గుర్తును కావాలనే వదిలేశాడు. లండన్ పట్టించుకోలేదు. ఆ తర్వాత హాలండ్‌లోకి దిగిన యాభై మందికి పైగా ఏజెంట్లు నేరుగా జర్మన్ల చేతుల్లో పడ్డారు. వాళ్లలో ఎక్కువమందిని మౌట్‌హౌసెన్ శిబిరంలో చంపేశారు. మద్యం షాపు దగ్గర మైయర్ చేసిన పొరపాటుకు నవ్వేవాళ్లు ఈ కథ కూడా చదవాలి. సొంత మనిషి నోరు తెరిచి చెప్పినా వినని ఆఫీసు లండన్‌లోనూ ఉంది. ఎఫ్‌బీఐ మాత్రం తక్కువ తిందా? 1942 జూన్‌లో విధ్వంసం కోసం జలాంతర్గాముల్లో వచ్చిన ఎనిమిది మందిలో జార్జ్ డాష్ తనే ఫోన్ చేసి చెబితే మొదట పిచ్చివాడనుకున్నారు. వాషింగ్టన్ వెళ్లి 80,000 డాలర్ల పైచిలుకు నోట్లు బల్ల మీద కుమ్మరించాకే నమ్మారు.

కాబూల్‌లోనూ బెర్లిన్ ఇలాగే దెబ్బతింది. సుభాష్ చంద్రబోస్‌ను 1941లో పెషావర్ నుంచి కాబూల్‌కు దాటించిన భగత్‌రామ్ తల్వార్‌ను జర్మన్లు తమ మనిషే అనుకున్నారు. డబ్బు, ట్రాన్స్‌మిటర్, చివరికి పతకం కూడా ఇచ్చారు. అతను కమ్యూనిస్టు. జర్మనీ సోవియట్ యూనియన్ మీద పడ్డాక సోవియట్ వాళ్లకు, వాళ్ల ద్వారా బ్రిటిష్ వాళ్లకు పనిచేశాడు. ‘సిల్వర్’ అన్న అతని రహస్య పేరుతో భారత్ నుంచి బెర్లిన్‌కు వెళ్లిన కబుర్లను ఢిల్లీలో పీటర్ ఫ్లెమింగ్ అనే బ్రిటిష్ అధికారి తయారుచేయించేవాడు. బోస్ నమ్మినవాడు కాబట్టి బెర్లిన్ కూడా నమ్మింది. ఎవరి సిఫార్సుతో వచ్చాడన్నది చూశారు గానీ, 1941 జూన్ తర్వాత ఒక కమ్యూనిస్టు ఎవరి వైపు ఉంటాడన్న చిన్న ప్రశ్న వేసుకోలేదు.

జర్మనీకి పనికొచ్చిన రహస్యాలు మనుషుల నుంచి కన్నా గాల్లోంచే ఎక్కువ వచ్చాయి. అట్లాంటిక్‌లో ఓడల వరసల కోడ్‌ను జర్మన్ నావికాదళ విభాగం 1943 మధ్య దాకా చదివింది. కైరోలోని అమెరికన్ మిలిటరీ అటాషే పంపే టెలిగ్రాములు 1942 వేసవి దాకా ఉత్తర ఆఫ్రికాలోని జర్మన్ సేనాని రోమెల్‌కు అందాయి. అలాంటి సమాచారంలో ఏజెంటు పరువు, అధికారి బదిలీ అడ్డురావు.

అబ్వేర్ పైస్థాయిలో ఇంకో చిక్కు ఉంది. కనారిస్ కింద పనిచేసిన హాన్స్ ఓస్టర్ 1940లో హాలండ్ మీద దాడి తేదీని డచ్ అటాషేకు ముందే చెప్పేశాడు. హిట్లర్‌ను కూల్చాలనుకునేవాళ్లు ఆ భవనంలోనే ఉన్నారు. దీన్ని పట్టుకుని, ఏజెంట్లు విఫలమవ్వాలని కనారిస్ కావాలనే చేశాడనే వాదన ఒకటి ఉంది. ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, క్యూలెన్‌థాల్ లాంటి విధేయులైన ఉద్యోగుల గుడ్డి నమ్మకాన్ని అది వివరించదు. 1944 మొదట్లో ఇస్తాంబుల్‌లో అబ్వేర్ మనిషి ఎరిక్ వెర్మెరన్ బ్రిటిష్ వైపు దూకాక హిట్లర్ అబ్వేర్‌ను హిమ్లర్ సంస్థలో కలిపేయమన్నాడు. బోర్డు మారింది గానీ ఏజెంట్లను నడిపే అధికారులు చాలావరకు పాతవాళ్లే. కొత్త యజమానులు గార్బోను ఇంకా ఎక్కువ నమ్మారు. కనారిస్‌ను, ఓస్టర్‌ను 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్‌లో ఉరితీశారు.

యుద్ధం ముగిసిన కొన్ని నెలలకు పుజోల్ స్పెయిన్ వెళ్లి, దాక్కుని బతుకుతున్న క్యూలెన్‌థాల్‌ను వెతికి పట్టుకున్నాడు. జర్మన్ నిఘా వర్గం ఇంకా ఏమైనా మిగిలి ఉందేమో కూపీ లాగడం అతని పని. క్యూలెన్‌థాల్ అతన్ని చూసి పొంగిపోయాడు. తనను స్పెయిన్ నుంచి ఎలాగైనా దాటించమని కోరాడు.